నాన్న పంచె, అమ్మ బొమ్మ: బట్టతో మనిషిని కూర్చోబెట్టిన డెబ్భై రోజులు

మొదలుపెట్టింది 2025 ఆగస్టు 3, ఆదివారం. బొమ్మ జనం ముందుకి వెళ్ళింది అక్టోబరు 12, అదీ ఆదివారమే. మధ్యలో డెబ్భై రోజులు. నేను అనుకున్నది పది.

శ్రీకాకుళంలో బలగ వైపు మా ఇల్లు. ముందు గదిలో మిషను వేసుకుని ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. అందుకే బట్ట గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదనే ధీమా ఉండేది. మే నెలలో చెల్లి గృహప్రవేశానికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కాని చూశాను. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. అందరూ ముసుగు లోపలి ముఖం చూస్తున్నారు. నా కళ్ళు మాత్రం ముసుగు మడతల మీదే ఉన్నాయి. ఎక్కడ లాగుడు పడితే ఎక్కడ ముడత వస్తుందో ఆయనకి తెలిసినంత మా లైన్లో ఏ టైలర్‌కీ తెలీదు. రాతినే బట్టలా చేశాడు కదా, బట్టని రాయిలా చేయడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. ఆ మాటకి తర్వాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

జులై చివర్లో మా కాలనీ సంఘం వాళ్ళు గాంధీ జయంతికి చిన్న ప్రదర్శన పెడతామన్నారు. ఈసారి గాంధీ జయంతి, విజయదశమి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. ఎవరేం చేస్తారని అడిగితే, "రాట్నం తిప్పే ఆడమనిషి బొమ్మ చేస్తాను, బట్టతో" అన్నాను. మా అమ్మది పొందూరు దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళు నూలు వడికింది. ఇప్పుడు డెబ్భై రెండు, భుజం లేవదు, నా దగ్గరే ఉంటోంది. మోడల్ ఇంట్లోనే ఉంది, ఖర్చు లేదు అనుకున్నాను. మోడల్‌కి నోరుందన్న సంగతి మర్చిపోయాను.

శ్రావణమాసంలో ఇలాంటి పని ఎత్తుకోవడం టైలర్ చేసే తప్పుల్లో మొదటిది. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. ముప్పై జాకెట్లు ఇవ్వాలి. ఆగస్టు 3న దొరికిన రెండు గంటల్లో జీటీ రోడ్డులో ఎనిమిదో నంబరు జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) రెండు కిలోలు, కట్టడానికి బైండింగ్ వైరు అరకిలో కొన్నాను. మొత్తం 245 రూపాయలు. చేత్తో వంగేంత మెత్తగా, బరువుకి కుంగనంత గట్టిగా ఉండేది ఆ తీగేనని షాపతను చెప్పాడు. వంచుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. మూడు రోజులు కత్తెర పట్టుకోలేకపోయాను, వ్రతం ముందు.

వ్రతం అయిన మర్నాడు అమ్మని పిలిచి తీగ మనిషిని చూపించాను. చుట్టూ తిరిగి చూసింది.

"ఏటే ఇది? నా కాళ్ళు ఇంత పొడుగేటి? తాటిచెట్టు ఎక్కడానికెళ్తున్నానా నాను?"

కొలిచి చూస్తే ఆవిడ మాటే నిజం. నిలబడిన మనిషి ఏడున్నర తలల ఎత్తుంటే, నేల మీద కూర్చున్న మనిషి దాదాపు నాలుగు తలల ఎత్తుంటుంది. నేను తల నాలుగున్నర అంగుళాలు పెట్టి, మిగతాది కంటి అంచనాతో లాగేశాను. జాకెట్ కుట్టేవాళ్ళకి నడుము పైన కొలతలన్నీ నోటికొస్తాయి. నడుము కింద మనిషి ఉంటుందని మేం పట్టించుకోం.

కూర్చునే తీరు కూడా తప్పేనంది. నేను బాసింపట్టు వేయించాను. "అలగ కూకుంటే జాముసేపు వడకగలవా?" అని తనే నేల మీద కూర్చుని చూపించింది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, కుడి చెయ్యి చక్రం పిడి మీద, ఎడమ చెయ్యి ఏకు (వడకడానికి చుట్టిన దూది) పట్టుకుని వెనక్కి, పైకి. ఆ ఎడమ చెయ్యి లేపేటప్పుడు భుజం పట్టేసి "అమ్మో" అంది. లేపడానికి నేనూ మా అబ్బాయీ పట్టుకోవాల్సి వచ్చింది. ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాను. నడుము ఎంత ముందుకి వంగుతుందో అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను.

ఆగస్టు 10న బట్టని దేనితో గట్టిపరచాలో పరీక్ష పెట్టాను. ఈ పరీక్ష చేయకుండా అసలు బొమ్మ జోలికి ఎవరూ వెళ్ళకండి. అయిదు సీసాలు బోర్లించి, ఒక్కోదాని మీద జానెడు ముక్క ఒక్కో రకంగా తడిపి కప్పాను. గంజి అమ్మ సలహా. "పంచె నిలబడ్డానికి గంజి సాల్తాది, దీనికి సాలదా?" అంది. రెండోది మైదా జిగురు, సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళలా కొంచెం మైలుతుత్తం కలిపి. మూడోది వడ్రంగులు వాడే తెల్ల గమ్ము, రెండు కప్పులకి ఒక కప్పు నీళ్ళు. నాలుగోది అదే గమ్ములో వైట్ సిమెంటు. అయిదోది ప్లాస్టర్ ఆఫ్ పారిస్.

ప్లాస్టర్ పావుగంటలో వేడెక్కి బిగిసింది. మడత సర్దేలోపే అయిపోయింది, వేలితో నొక్కితే పెంకు రాలింది. గంజి ముక్క రెండో రోజుకి బాగానే నిలబడింది. మూడో రోజు దాని మీద చీమల బారు. మైదా ముక్క ఆరనే లేదు, ఆగస్టు ముసురులో బూజు పట్టింది. మైలుతుత్తం ఇంకా వేయాల్సిందేమో. కానీ ఇంట్లో పిల్లిపిల్ల ఉంది, ఆ విషం ఎక్కువ వాడే ధైర్యం నాకు లేదు. సిమెంటు కలిపింది రాయిలా ఉంది గానీ బట్ట నేత కనబడకుండా పోయింది. తెల్ల గమ్ము ముక్క ఒక్కటే ఆరాక పారదర్శకంగా మారి, నేత నేతలాగే ఉండి, సీసా తీసేసినా గుడారంలా నిలబడింది. దాన్నే ఖాయం చేశాను. దానికీ ఒక రోగం ఉందని అక్టోబరులో తెలిసింది.

ఇంకోటి. నా దగ్గర జాకెట్ లైనింగు ముక్కలు బస్తాడున్నాయి, బట్ట ఊరికే వచ్చినట్టే అనుకున్నాను. వాటిలో సగం గమ్ము పీల్చుకోలేదు. పాలిస్టర్ కలిసిన బట్ట మీద గమ్ము తామరాకు మీద నీళ్ళలా జారిపోతుంది. అనుమానం ఉంటే ఒక దారప్పోగు కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, కరిగి పూసలా ముద్దకడితే పాలిస్టర్. నూలే అయినా కొత్త బట్టని ఒకసారి వేడినీళ్ళలో ఉతకాలి, లేకపోతే మిల్లు గంజి అడ్డం పడుతుంది.

ఆగస్టు 14న వినాయకుడి బొమ్మలు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. చవితి పదమూడు రోజులుంది, ఆయనకి తల తిప్పే తీరికలేదు. అయినా నా ఫొటో చూసి, "ముందు గడ్డి మనిషి సరిగ్గా కూకోవాలమ్మా. మట్టి ఏసినాక కూకుంటాడులే అనుకుంటే కూకోడు" అన్నాడు. తీగ కాళ్ళ చివర్లని పలకకి బిగించకుండా మీద పని మొదలుపెట్టొద్దన్నాడు. నా సందేహాలన్నింటికీ సమాధానం ఆ రెండు ముక్కల్లోనే ఉంది. మర్నాడు సెలవు కదా, మా వీధి వడ్రంగి దగ్గర ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్క 150 రూపాయలకి తెచ్చి, రెండో తీగ మనిషిని కొలతల ప్రకారం చేసి, తుంటి దగ్గరా చాపిన కాలి మడమ దగ్గరా యూ మేకులతో దిగ్గొట్టాను. ఊపితే పలకతో సహా ఊగింది గానీ ఒరగలేదు.

కండ పెట్టడం తేలిక పని, నాకు నచ్చిన పని కూడా. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నలిపి పెద్ద భాగాలకి, పాత పేపరు చుట్టి చిన్న భాగాలకి, మీద మాస్కింగ్ టేపు. రెండు ఫాయిల్ చుట్టలు, నాలుగు టేపులు, 350 రూపాయలు. ఆగస్టు 24కి అయిపోయింది. ఒంటికి చర్మంలా పాత బనియన్ల గుడ్డ పట్టీలు గమ్ములో ముంచి చుట్టాలి. బనియన్ గుడ్డ సాగుతుంది కాబట్టి మోచెయ్యి, మోకాలు దగ్గర ముడతపడదు. మా ఆయన బనియన్లు మూడు పోయాయి. ఒకటి ఇంకా వాడుతున్నదేనట.

ఆగస్టు 31న నా అసలు మూర్ఖత్వం బయటపడింది. టైలర్ని కదా, బొమ్మకి కొలతలు తీసుకుని, చక్కగా కత్తిరించి, కుచ్చిళ్ళు మిషను మీద కుట్టి చీర తయారుచేశాను. పొడిగా తొడిగితే భలే ఉంది. గమ్ములో ముంచి తొడిగేసరికి కుట్లన్నీ తాళ్ళలా పైకి లేచాయి. కుచ్చిళ్ళు ఒకదానికొకటి అంటుకుని చీపురుకట్టలా వేలాడాయి. మడతలన్నీ ఒకే లావు, ఒకే దూరం. షాపు కిటికీలో బొమ్మకి కట్టిన చీరలా ఉంది. మనిషి లోపల ఉన్నట్టే లేదు.

రాత్రి పదకొండింటికి దాన్ని ఒలిచి బకెట్లో పడేసి, ఏడుపొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను. "సీర కడతారు గానీ కుడతారేటే?" అని లోపలికి పోయింది.

అంతే. ఇరవై రెండేళ్ళ చేతివాటం నాకు అడ్డం పడిందని అప్పుడర్థమైంది. కుట్టేటప్పుడు ముడత తప్పు. కట్టేటప్పుడు ముడతే మొత్తం సంగతి. మర్నాటి నుంచి ఇంట్లో అందరి బట్టలూ చూడ్డం మొదలుపెట్టాను, ఎక్కడ లాగుడు మొదలవుతుంది, ఎక్కడ బట్ట వదులై జారుతుంది అని. మోకాలు, తుంటి, భుజం, ఈ మూడు చోట్ల నుంచే గీతలన్నీ బయల్దేరతాయి. వాటి మధ్యలో బట్ట తన బరువుకి తను వేలాడుతుంది.

సెప్టెంబరు 7 ఆదివారం ఇంకోసారి కూర్చుందామంటే ఆ రాత్రి చంద్రగ్రహణం. సాయంత్రం నుంచి కత్తెర ముట్టుకోనివ్వలేదు అమ్మ. ఒకందుకు మేలే జరిగింది. ఆ సాయంత్రమే బట్ట సంగతి తేలింది.

మామూలు నూలు చీర బొమ్మ మీద వేస్తే దుప్పటిలా ఉంటోంది. బొమ్మ మనిషిలో సగం కంటే కొంచెం పెద్దది, బట్ట మందం మాత్రం సగం కాదు కదా. అంచు కూడా అంతే, మూడంగుళాల అంచు బొమ్మ మోకాలు దాకా వచ్చేస్తుంది. చాలా సన్నటి బట్ట, చాలా సన్నటి అంచు కావాలి. ఈ మాట పైకే అన్నాను. అమ్మ లేచి తన పెట్టె తెరిచి నాన్న పంచె తీసింది. పొందూరు ఖద్దరు, నూరో నంబరు సన్న నూలు, అంగుళం ఎర్రంచు. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. గంజి పెట్టి మడిచిన మడత మడతలాగే ఉంది. గంజి కోసం వచ్చిన పురుగులు నాలుగైదు చోట్ల కొరికేశాయి.

"కట్టుకునే మనిషి లేడు. పురుగులకెందుకు?" అంది.

ముప్పై ఏళ్ళు నూలు వడికిన మనిషి ఆ బట్ట చీర ఒక్కటీ కట్టలేదు. వడికిన కూలీతో కొనుక్కునే బట్ట కాదది. ఇంట్లోకి వచ్చింది ఈ పంచె ఒక్కటే, అదీ నా పెళ్ళికి నాన్నకి మా మావయ్య పెట్టింది.

రెండుసార్లు వేడినీళ్ళలో నానబెట్టి గంజి వదిలించాను. పంచె నిలువునా మధ్యకి చీరితే రెండు చిన్న చీరలొస్తాయి. దేని అంచు దానికుంటుంది. అంగుళం అంచు ఆ బొమ్మకి సరిగ్గా చీర అంచంత కనబడుతుంది. కత్తెరతో కాదు, చిన్న గాటు పెట్టి చింపాలి, అప్పుడే పోగు వెంట తిన్నగా వస్తుంది. ఆ చప్పుడు వినబడుతుందని అమ్మ ముందే పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎన్నో పట్టుచీరలు వణకకుండా కోసిన చెయ్యి నాది. ఈ గాటు పెట్టడానికి అరగంట పట్టింది.

సెప్టెంబరు 14. పొద్దున్నే తొమ్మిదింటికి మొదలుపెట్టాను. ఈ రోజు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పని సంగతులన్నీ ఈ రోజే ఎదురయ్యాయి.

మొత్తం చీర ఒకేసారి ముంచితే కట్టడం అయ్యే పని కాదు. తడిసిన మూడున్నర గజాల గుడ్డ తనకి తనే అంటుకుపోతుంది, బరువుకి బొమ్మ మెడ వంగిపోతుంది. మూడు ముక్కలు చేశాను. తుంటి నుంచి కాళ్ళ మీదికి ఒకటి, కుచ్చిళ్ళకి ఒకటి, కొంగుకి ఒకటి. అతుకులు మడతల లోపల పడేలా చూసుకోవాలి. గమ్ములో ముంచాక వేళ్ళ మధ్య నుంచి లాగి పిండాలి. కారేంత తడి ఉంటే మడతల్లో గమ్ము చేరి ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. ఫ్యాను ఆపేయాలి, నేను ఆపలేదు. మొదటి ముక్క సర్దుతుండగానే అంచులు బిగుసుకోవడం మొదలైంది. ఆపాక చెమట కారి కళ్ళలో పడుతుంటే, చేతులకి గమ్ము, తుడుచుకునే వీల్లేదు. మా అబ్బాయి తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు, ఆపరేషన్ థియేటర్లో నర్సులా.

మడతలు ఆరేదాకా నిలబడాలంటే కింద ఏదో ఒకటి ఉండాలి. పాలిథిన్ చుట్టిన దారపు రీళ్ళు, మందు సీసాలు, బట్టల క్లిప్పులు పెట్టాను. పాలిథిన్ చుట్టకపోతే అవీ బొమ్మలో భాగమైపోతాయి. ఒక రీలు ఇప్పటికీ లోపలే ఉంది. చాపిన కాలి మీద బట్ట బిగువుగా, రెండు కాళ్ళ మధ్య ఊయలలా జారుతూ రావాలి. అది నాలుగుసార్లు తీసి వేశాను. అయిదోసారి నేనేమీ సర్దలేదు, పట్టుకుని వదిలేశాను, అదే పడింది. ఇప్పుడు బొమ్మ మొత్తంలో నాకు నచ్చిన మడత అదే.

కొంగు దగ్గర అమ్మ మళ్ళీ వచ్చింది. భుజం మీంచి వెనక్కి వేలాడేస్తుంటే, "రాట్నంలో సుట్టుకుంటాది" అని, నడుం చుట్టూ తిప్పి దోపమంది. అలా చేయడం వల్ల నాకొక లాభం కూడా జరిగింది. పై అంచు లేని మొండి చివర లోపలికి పోయింది.

ఒక రాత్రికి ఆరుతుందని విన్నాను. ఎక్కడ ఆరుతుందో నాకు తెలీదు, నాగావళి ఒడ్డున సెప్టెంబరులో మాత్రం నాలుగు రోజులు పట్టింది. పైన గట్టిపడి లోపల చల్లగా ఉంటుంది. బుగ్గకి ఆనించి చూస్తే తెలుస్తుంది, చల్లగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. మూడో రోజు ఎడమ మోచెయ్యి దగ్గర నారింజ రంగు మచ్చ తేలింది. తుప్పు. జీఐ తీగ తుప్పు పట్టలేదు, దాన్ని కట్టిన నల్ల బైండింగ్ వైరు పట్టింది. ఆ ఒక్క చోట టేపు సరిగ్గా చుట్టలేదు. తెల్లటి ఖద్దరు మీద బొట్టులా ఉంది. క్లిప్పులకి బదులు రెండు చోట్ల గుచ్చిన గుండుసూదుల కింద కూడా చిన్న చుక్కలు.

రంగు వేసేద్దామా అనుకున్నాను. రంగు వేస్తే పంచె ఎందుకు చింపినట్టు? రెండు రోజులు ఆ మచ్చని చూస్తూ జాకెట్లు కుట్టాను. కుడుతుంటేనే తట్టింది, మోచేతి దాకా చెయ్యి ఉన్న జాకెట్ వేస్తే సరి. బుటీ ఉన్న పాత మెరూన్ నూలు ముక్కతో చేతులు, వెనక వీపు మాత్రం. ఈసారి టైలరింగు పనికొచ్చింది. సూది చుక్కలు మడత నీడలో కలిసిపోయాయి, వెతికితే తప్ప కనబడవు.

ముఖం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నా వల్ల కాలేదు. పేపరు గుజ్జుతో రెండుసార్లు, మట్టితో ఒకసారి చేశాను. ఒకటి మా పక్కింటి పిన్నిగారిలా వచ్చింది, ఇంకోటి ఎవరిలానూ రాలేదు. ముసుగు వేసి దాచేద్దామంటే, "నానెప్పుడేసుకున్నాను?" అంది అమ్మ. చివరికి బనియన్ గుడ్డతో నున్నగా చుట్టి, ముక్కు దగ్గర కొంచెం ఎత్తు వదిలి, తల వంచి, వెనక ముడి పెట్టాను. కళ్ళు లేవు, నోరు లేదు. అమ్మ చాలాసేపు చూసింది. "ఆ నడుం నాదే" అంది.

రాట్నం బాధ్యత మా అబ్బాయి తీసుకున్నాడు. పొందూరు వైపు ఒంటి కదురు (నూలు చుట్టుకునే పుల్ల) రాట్నం చక్రానికి ఇరవై నాలుగు ఆకులు, అంటే చక్రం పుల్లలు, ఉంటాయి. వెదురు పుల్లలతో చేసి సెప్టెంబరు 28న తెచ్చి పెట్టాడు. వాళ్ళమ్మమ్మ కళ్ళజోడు తెచ్చుకుని లెక్కపెట్టింది. ఇరవై రెండు. వాడు ఎవరు చూస్తారంటే, "నాను సూసేను గదా" అంది. విప్పి మళ్ళీ చేశాడు.

అక్టోబరు 1 సాయంత్రం ఆటోలో ప్రదర్శన జరిగే హాలుకి చేర్చాం. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఆరు కిలోలే అయినా అరవైలా ఉంది. మర్నాడు దసరా. ఆ రోజు వాయుగుండం ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో గాలీ వానా ఎలా ఉన్నాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రదర్శన వాయిదా అని ఫోన్ వచ్చింది. బొమ్మ ఎలా ఉందంటే "బానే ఉంటుందమ్మా, లోపలే ఉంది కదా" అన్నారు.

3వ తేదీ వెళ్ళి చూస్తే కిటికీ తలుపు ఒకటి తెరిచే ఉంది. జల్లు నేరుగా పడలేదు. కానీ రాత్రంతా తడి గాలి కొట్టింది. కుచ్చిళ్ళు మెత్తబడి నేల మీద పరుచుకుపోయాయి. కొంగు జారింది. పట్టుకుంటే తడి చెప్పు తోలులా ఉంది. కిటికీ వేయలేదని వాళ్ళ మీద అరిచాను. అరిచాక ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పు నాది కూడా. తెల్ల గమ్ము తడికి మళ్ళీ మెత్తబడుతుంది, మీద వార్నిష్ వేయాలని నాకు తెలుసు. దసరా జాకెట్ల హడావుడిలో రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అని వాయిదా వేశాను.

ఇంటికి తెచ్చి హెయిర్ డ్రయ్యర్ పెట్టబోయి ఆగాను. మెత్తబడిందంటే మళ్ళీ సర్దొచ్చన్నమాట. కుచ్చిళ్ళు మొదటిసారి మరీ బిగువుగా వచ్చాయని నాకు లోపల్లోపల అసంతృప్తి ఉంది. కొంచెం గమ్ము నీళ్ళు చల్లి, విసనకర్రలా విప్పి, చాపిన పాదం మీదికి ఒక మడత ఎక్కించాను. మొదటిసారి కంటే బాగా కుదిరింది. పాడైనందుకు సంతోషించానని చెప్పను గానీ, ఆ కిటికీ మీద కోపం సగం తగ్గింది.

నాలుగు రోజులు ఆరాక వార్నిష్. వడ్రంగి వాడే నూనె వార్నిష్ చిన్న డబ్బా 140 పెట్టి కొని చీలిక ముక్క మీద వేస్తే తెల్లది తేనె రంగుకి తిరిగింది, అది పక్కన పెట్టేశాను. నీళ్ళతో పనిచేసే మెరుపు లేని యాక్రిలిక్ క్లియర్ అర లీటరు 480. అక్టోబరు 7న, విజయనగరంలో సిరిమానోత్సవం రోజు, టీవీలో సిరిమాను తిరుగుతుంటే నేను బొమ్మని బోర్లా పడుకోబెట్టి కింద నుంచి వేస్తున్నాను. పైన మాత్రమే వేస్తే లాభం లేదు, తడి లోపలి వైపు నుంచీ వస్తుంది. మడతల లోపలికి బ్రష్ వెళ్ళని చోట సిరంజితో పోశాను. పలక అడుగున కూడా పూశాను. వేసిన వెంటనే బట్ట మొత్తం తడిసినట్టు నల్లబడింది. గుండె ఆగినంత పనైంది. మర్నాటికి తెల్లబడింది. మూడు పూతలు, మూడు రోజులు. పాలిథిన్ కప్పొద్దు, లోపల చెమట పడుతుంది.

ఖర్చు అడుగుతారని ముందే లెక్క రాశాను. తీగలు 245, ప్లై 150, ఫాయిల్, టేపు 350, గమ్ము మూడు కిలోలు 780, గ్లౌజులు, బ్రష్‌లు 210, పరీక్షలకి సిమెంటు, ప్లాస్టరు 110, వార్నిష్‌లు 620, రాట్నానికి 260, ఆటోలు 450. మొత్తం 3,175 రూపాయలు. పంచె ఇందులో లేదు. వదులుకున్న జాకెట్లు కూడా లేవు. వాటి లెక్క మా ఆయన దగ్గరుంది.

అక్టోబరు 12న ప్రదర్శన. బొమ్మ పక్కన అమ్మ పెట్టెలోంచి తీసిన వాలుగ చేప దవడ కూడా పెట్టాను, పత్తి ఏకడానికి వాడేది. దాని సన్నటి పళ్ళు దువ్వెనలా గింజ చుట్టూ ఉన్న దూదిని తిన్నగా దువ్వుతాయి. వచ్చినవాళ్ళలో సగం మంది డెబ్భై రోజుల బొమ్మని వదిలేసి ఆ దవడనే ఫొటో తీసుకున్నారు. ఒకాయన బొమ్మ ఎంతకిస్తారని అడిగాడు. అమ్మేది కాదన్నాను. ఒకావిడ మాత్రం వంగి, అంచుని వేలితో ముట్టుకుని, "ఇది పొందూరు కదూ" అంది. ఆవిడకి నేను టీ తెప్పించాను.

ఇప్పుడది నా మిషను పక్కన స్టూలు మీద ఉంది. అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చినప్పుడు రెండు రోజులు తెరిపి లేదు. గంటకోసారి వెళ్ళి కుచ్చిళ్ళ అంచు గోటితో తట్టి చూశాను. టక్ టక్ మంది. తెగింది ఒక్కటే, కదురు నుంచి చేతికి కట్టిన నూలుపోగు. దానికి గమ్ము పెట్టలేదు, పెట్టనివ్వలేదు అమ్మ. నేను ముడి వేయబోతే చెయ్యి మీద ఒకటి వేసి, తనే రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, కొంచెం దూది కలిపి, వేళ్ళ మధ్య పేని అతికింది. నూలుకి ముడేస్తే వడికినోళ్ళు నవ్వుతారట.